నిప్పానా, జపానా? పింగాణీ కప్పు అడుగున ఉన్న మాట

ప్రశ్న (కందుకూరు): మా అమ్మమ్మ వాళ్ల పింగాణీ కప్పులు, సాసర్లు నాకొచ్చాయి. తిరగేసి చూస్తే కొన్నిటి మీద ‘నిప్పాన్’, కొన్నిటి మీద ‘మేడ్ ఇన్ జపాన్’ అని ఉంది. రెండూ ఒకే దేశం కదా, మాట ఎందుకు మారింది? మనం అనే ‘పింగాణీ’ కూడా అక్కడిదేనా?

జవాబు (నెల్లూరు): అక్కా, నిప్పాన్ అనేది జపాన్ వాళ్లు తమ దేశాన్ని పిలుచుకునే పేరు. అమెరికా 1890లో చేసిన సుంకాల చట్టం వల్ల, 1891 నుంచి అక్కడికి దిగే సరుకు మీద తయారైన దేశం పేరు ఇంగ్లీషులో ఉండాల్సొచ్చింది. వీళ్లు ‘నిప్పాన్’ అని వేశారు. ముప్పై ఏళ్లు చెల్లింది. 1921లో అక్కడి కస్టమ్స్ వాళ్లు అది ఇంగ్లీషు మాట కాదు, జపనీసు మాట, ఇకమీదట ‘జపాన్’ అనే వేయాలన్నారు. ఒక మాట ఏ భాషదో సుంకాల వాళ్లు తేల్చడం, ఆ తీర్పు కప్పుల అడుగున అచ్చుపడటం నాకు భలే అబ్బురంగా ఉంటుంది.

అయితే ఆ చట్టం అమెరికాది. మన రేవుల్లో దిగిన సరుకుకి ఆ ఏళ్లు అంత కచ్చితంగా వర్తించకపోవచ్చు. పైగా ‘నిప్పాన్ తోకి’ అని ఉంటే అది 1904లో పుట్టిన కంపెనీ పేరు, అంటే ఇప్పటి నోరిటాకే వాళ్లు. ఆ పేరు 1921 తర్వాతి సరుకు మీద కూడా ఉంటుంది. నిప్పాన్ ముద్రకి నకిలీలూ ఉన్నాయి.

పింగాణీ అనే మాట మాత్రం పారసీ నుంచి వచ్చింది. అక్కడ ‘పింగాన్’ అంటే గిన్నె, కప్పు. అరబ్బీలో ‘ప’ లేదు గనక అది ‘ఫింజాన్’ అయింది, కాఫీ తాగే చిన్న కప్పుని ఇప్పటికీ అలాగే అంటారు. అక్కడ పాత్ర పేరు, మన దగ్గరికొచ్చేసరికి ఆ పాత్ర చేసిన సరుకు పేరైంది! ఇరాన్ పల్లెల్లో కాలవ నీళ్ల వంతులు లెక్కగట్టడానికి చిల్లుగిన్నెని నీళ్లలో తేలేసేవాళ్లు, దానిదీ ఇదే పేరు. అది నిండి మునిగే సమయమే లెక్క. మన పాతవాళ్లు కాలం కొలిచిన గడియకుడుక కూడా అచ్చం అలాంటిదే.

కందుకూరు: తమ్ముడూ, ఒక సాసరు మీద ‘ఆక్యుపైడ్ జపాన్’ అని ఉందే?

నెల్లూరు: అక్కా, దాన్ని జాగ్రత్తగా పెట్టుకోండి. రెండో ప్రపంచ యుద్ధంలో ఓడాక 1945 నుంచి 1952 దాకా జపాన్ మిత్రరాజ్యాల ఏలుబడిలో ఉంది. ఎగుమతి సరుకు మీద ఆ ముద్ర పడింది అప్పుడే. అదే రోజుల్లో నోరిటాకే వాళ్లు, సరుకు మునుపటంత నాణ్యంగా రావడం లేదని తమ పేరు తీసేసి ‘రోజ్ చైనా’ అని వేసుకున్నారు. పేరు చెడకూడదని పేరే దాచుకున్నారు. నాకు ఈ ముద్రలన్నిటిలోకీ అదే ఇష్టం.

గూడూరు: నేను ఇక్కడి సిరామిక్ డిప్లొమా కాలేజీలో చదివాను. ముద్ర మీద గోరు పెట్టి మెల్లగా జరిపి చూడండి మేడం. గ్లేజు, అంటే పైనుండే గాజులాంటి పూత, దాని కింద వేసిన ముద్ర గోటికి తగలదు, ఎన్నేళ్లు తోమినా పోదు. పైన వేసిందైతే కొంచెం ఎత్తుగా తగులుతుంది, అరుగుతుంది కూడా. కిందవాటిలో నీలం ముద్రలు ఎక్కువ, ఎందుకంటే కోబాల్టు రంగు కొలిమి వేడికి నిలుస్తుంది. బంగారు అంచున్నవాటికి పీచు వాడొద్దు. కప్పునీ సాసరునీ విడివిడిగా తిరగేసి ఫోటో తీయండి, జోడీ ఎప్పుడో మారిపోయి ఉండొచ్చు.