పల్లెపాటకు వీడియో బలమా, బరువా?

ఉదయసముద్రం (నల్లగొండ):

మా మండలంలో కొందరు యువకులు వరి నాట్ల పాటలను, ఎడ్లతో బావి నీళ్లు తోడేటప్పుడు పాడే మోట పాటలను పెద్దల నోట విని రాసుకొని, వాటిలో రెండింటిని ఈమధ్య స్టూడియోలో రికార్డు చేయించారు. పాడినవారు రోజూ కైకిలికి (కూలి పనికి) పోయే ఆడవాళ్లే. పాటలు చక్కగా వచ్చాయి. చిక్కు ఆ తర్వాత మొదలైంది. మిగిలిన సొమ్మంతా కెమెరాకు, డ్రోనుకు, డాన్స్ మాస్టరుకు, బయటి నుంచి రప్పించే నటీనటులకు పెట్టి నాట్ల పాటకు వీడియో తీయాలని సగం మంది పట్టుబడుతున్నారు. అదే సొమ్ముతో, పాడేవారు బతికి ఉండగానే, మరికొన్ని పాటలు రికార్డు చేసుకోవాలని మిగిలినవారి వాదన. నన్ను అడిగితే రెండో పక్షానికే ఓటు వేశాను.

నా కారణాలు రెండు. వినే పాటకు వినేవాడే బొమ్మ కట్టుకుంటాడు. మోట పాట వింటే మా నాన్నగారి తరం వారిలో ఎవరి బావి వారికి గుర్తుకు వస్తుంది. వీడియో వచ్చిన తర్వాత అందరికీ ఒకే బావి, అదీ డ్రోను నుంచి కనిపించే బావి మిగులుతుంది. రెండవది నిడివి. పని పాటకు ఇంత అని కొలత లేదు; మడి నాటడం ముగిసేవరకు సాగుతుంది, అవసరమైతే అక్కడికక్కడే కొత్త చరణం కట్టుకుంటుంది. దాన్ని నాలుగు నిమిషాలకు కుదించి, పల్లవి, రెండు చరణాలు, నడుమ ఒక డప్పు బిట్టు అన్న పద్ధతిలో అచ్చు పోస్తే మిగిలేది సినిమా పాటే తప్ప పొలం పాట కాదు. మీరేమంటారు?

కోయిల్‌సాగర్ (మహబూబ్‌నగర్):

ఉదయసముద్రం గారూ, మీ మొదటి కారణంతో నేను ఏకీభవించలేను. మీ నాన్నగారికి బావి గుర్తుకు వస్తుందంటే ఆయన ఆ బావి దగ్గర పని చేశారు కనుక. బోరుబావులు, కరెంటు మోటార్లు వచ్చాక పుట్టిన పిల్లవాడు ఏ బొమ్మ కట్టుకోవాలి? ఎడ్లు వాలులో కిందికి దిగుతుంటే బొక్కెన పైకి వస్తుందనీ, నీళ్లు కాలువలో పడ్డాక అవే ఎడ్లు వెనక్కి నడుస్తూ మళ్లీ గట్టెక్కాలనీ, పాటలో గొంతు సాగదీసే చోటూ బిగబట్టే చోటూ ఆ నడకతో కలిసి పుట్టినవేననీ అతనికి తెలిసే వీలు లేదు. చెవికి మాత్రమే అందితే అది ఒక వింత రాగం తీతగా ఉండిపోతుంది. ఎడ్ల నడకను ఒక్కసారి చూపిస్తే ఆ తీత ఎందుకుందో ఎవరూ వివరించనక్కరలేదు. దృశ్యం పాటను పెంచడమంటే నా దృష్టిలో ఇదే, పాట వెనుక ఉన్న పనిని కంటికి తేవడం.

మా వైపు కిన్నెర అనే తీగ వాద్యం సంగతే చూడండి. నాగర్‌కర్నూల్ జిల్లాకు చెందిన కిన్నెర కళాకారుడు దర్శనం మొగులయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. అంతకు ముందు ఏడాది ఒక పెద్ద సినిమా శీర్షిక గీతం వీడియో ఆరంభంలో ఆయన కిన్నెరతో కనిపించారు. 12 మెట్ల కిన్నెర అన్న మాట వినడం వేరు, ఎండిన సొరబుర్రలు కట్టిన ఆ వాద్యాన్నీ, మెట్ల మీద ఆయన వేళ్లనూ చూడటం వేరు. మా జిల్లాలోనే పుట్టి పెరిగి ఆ వాద్యాన్ని ఎన్నడూ చూడనివారు నాకు తెలిసినవారిలోనే ఎందరో ఉన్నారు.

ఇక కళాకారులు వీడియోలు ఎందుకు తీస్తారంటే, తాము వెళ్లలేని చోటికి తమ బదులు వీడియో వెళుతుంది కనుక. బ్రిటన్‌లో క్వీన్ అనే రాక్ బృందం 1975లో ‘బొహీమియన్ రాప్సడీ’ పాటకు చిన్న చిత్రం తీసుకోవడానికి ఒక కారణం, గొంతు మీద గొంతు పేర్చి రికార్డు చేసిన ఆ పాటను టీవీ కార్యక్రమంలో ఉన్నదున్నట్టు పాడి చూపడం సాధ్యం కాకపోవడమే. అమెరికాలో 1981 ఆగస్టు 1న పాటల వీడియోలు వేసే ఎంటీవీ చానెలు మొదలయ్యాక ఆ అవసరం వ్యాపారంగా మారింది. వీడియో అంటే రికార్డు కంపెనీ ఇచ్చే ప్రకటన, చానెలుకు కార్యక్రమం. మైకేల్ జాక్సన్ ‘థ్రిల్లర్’ ఆల్బమ్ 1982 చివరలో వస్తే, అదే పేరున్న పాటకు తీసిన దాదాపు 14 నిమిషాల వీడియో 1983 చివరలో వచ్చి, ఏడాది పాతబడిన ఆల్బమ్ అమ్మకాలను మళ్లీ పైకి లేపింది. మన ఇంట్లో శుక్రవారం సాయంత్రం దూరదర్శన్‌లో చిత్రలహరి అనే సినిమా పాటల కార్యక్రమం చూసినవారికి ఈ కిటుకు కొత్తది కాదు. చూసిన పాట కోసమే మరునాడు క్యాసెట్ల కొట్టుకు పోయేవాళ్లం. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చవకైన తర్వాత మన పల్లెల్లో పాట వినడమంటే యూట్యూబ్ తెరవడమే అయింది. కైకిలికి పోయే ఆడవాళ్లు ఊరూరా తిరిగి కచేరీలు చేయలేరు. వారికి బదులుగా వీడియో తిరగాలి.

నిడివి విషయంలో మాత్రం వీడియోను తప్పుపట్టకండి. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత గ్రామఫోన్ రికార్డు సాధారణంగా ఒక్కో వైపున మూడు నిమిషాలకు కాస్త అటూ ఇటూ మాత్రమే పట్టేది. పాటను పొట్టి చేసే పని అక్కడే మొదలైంది.

కత్తెర (మిర్యాలగూడ):

నేను ఇలాంటి వీడియోలకు ఎడిటింగ్ చేసి బతికేవాణ్ణి. అయినా ఈ చర్చలో ఉదయసముద్రం గారి వైపే మొగ్గుతున్నాను, కాకపోతే ఆయన చెప్పిన కారణాలకు కాదు.

వీడియో పాటను మింగేది షూటింగులో కాదు, రికార్డింగులోనే. ఇలాంటి వీడియో సాధారణంగా సెకనుకు 24 ఫ్రేములు, అంటే 24 విడి బొమ్మల చొప్పున నడుస్తుంది. పాట నిమిషానికి 120 దెబ్బల మీద నడిస్తే ఒక్కో దెబ్బకు సరిగ్గా 12 ఫ్రేములు వస్తాయి. ఆ పన్నెండేసి ఫ్రేముల లెక్కన కోస్తే చాలు, షాట్ మార్పు డప్పు దెబ్బ మీద పడుతుంది, చూసేవారికి ఒంట్లో ఊపు వస్తుంది. ఎడిటరుకు ఇది పండగే. కానీ నాట్ల పాట అలా నడవదు. ముందు పాడే ఆమె ఒక చరణం అందుకుంటుంది, మిగిలినవారు నారు నాటుతూ, ఒక్కో అడుగు వెనక్కి వేస్తూ అందుకుంటారు. బురద లోతుగా ఉన్నచోట పాట నెమ్మదిస్తుంది, మడి చివరికి వచ్చేసరికి ఉరుకుతుంది. వీడియో తీయాలని ముందే అనుకున్నవారు స్టూడియోలో ఆ ఆడవాళ్ల చెవుల్లో హెడ్‌ఫోన్లు పెట్టి క్లిక్కు వినిపిస్తారు. టిక్కు టిక్కుమనే ఆ శబ్దానికి కట్టుబడి పాడేసరికి నెమ్మదించడమూ పోతుంది, ఉరకడమూ పోతుంది. కోయిల్‌సాగర్ గారు చెప్పిన ‘పాట వెనుక పని’ని ముందు చెవిలోంచి తీసేసి, తర్వాత కంటికి చూపించబోతున్నామన్నమాట.

షూటింగు రోజున జరిగేది కూడా చెబుతాను. గట్టు మీద స్పీకరు పెట్టి పాట మోగిస్తారు. లంగా ఓణీలో ఉన్న నటి దానికి పెదవులు కదుపుతుంది. స్లో మోషన్ కావాలంటే పాటను రెట్టింపు వేగంతో మోగించి, ఆమె అదే వేగంతో పెదవులు కదుపుతుంటే 48 ఫ్రేముల మీద తీస్తారు; తర్వాత 24 మీద ఆడిస్తే నడక, ఓణీ నిదానంగా తేలుతాయి, పెదవులు మాత్రం పాటతో సరిగ్గా కలుస్తాయి. ఎంత తెలివైన పద్ధతో చూడండి. అయితే ఆ పాట పాడిన మనిషి అదే షాట్‌లో, వెనకాల మసకగా, వంగి నారు నాటుతూ ఉంటుంది. నా ఎడిటింగ్ బల్ల మీదికి ఇలాంటి ఫుటేజీ వచ్చింది. పాడినామె ముఖం ఒక్క షాట్‌లోనైనా ఉందేమోనని వెతికాను, లేదు.

చూపు వినికిడిని ఎంతగా కప్పేస్తుందో పరిశోధకులు చూపించారు. 2013లో ప్రచురితమైన చియా-జంగ్ త్సాయ్ అధ్యయనంలో, పాశ్చాత్య శాస్త్రీయ సంగీత పోటీల తుది ఘట్టాలను కొందరికి శబ్దంగా మాత్రమే, కొందరికి శబ్దం లేని వీడియోగా మాత్రమే ఇస్తే, గెలిచినవారిని బాగా పోల్చుకోగలిగింది శబ్దం లేని వీడియో చూసినవారే. సంగీతమే వృత్తిగా ఉన్నవారి విషయంలోనూ ఇదే జరిగింది. గట్టు మీద నిలబడ్డ నటి ముందు పాడిన గొంతు ఎంతసేపు నిలుస్తుందో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

కోయిల్‌సాగర్ (మహబూబ్‌నగర్):

కత్తెర గారూ, మీరు చెప్పినదంతా చెడ్డ వీడియో గురించి. పాడినవారినే కెమెరా ముందు నిలబెట్టవచ్చు కదా. పంజాబీ పాప్ గాయకుడు దలేర్ మెహందీ పాటలు వీడియోల్లోని అందమైన అమ్మాయిల వల్లే ఆడుతున్నాయని విమర్శ వచ్చినప్పుడు, ఆయన 1998లో ‘తునక్ తునక్ తున్’ వీడియోలో అమ్మాయిలెవరూ లేకుండా తానొక్కడే, అదీ గ్రీన్ స్క్రీన్ (పచ్చ తెర ముందు తీసి వేరే దృశ్యాలతో కలిపే పద్ధతి) సాయంతో నలుగురు దలేర్లుగా కనిపించారు. ఆ వీడియో దేశం దాటిపోయింది.

ఉదయసముద్రం (నల్లగొండ):

దలేర్ మెహందీ గారికి అప్పటికే పేరుంది, వెనుక కంపెనీ ఉంది. మా వాళ్ల దగ్గర ఉన్నది ఒక్క వీడియోకు సరిపడే సొమ్ము. అది పోతే పది పాటలు పోతాయి. యూట్యూబ్‌లో మామూలు నిడివి వీడియోలతో ప్రకటనల ఆదాయం రావాలంటే చానెలుకు 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ ఉండాలి. ఒక్క వీడియోతో అది దాటగలమన్న ధీమా నాకు లేదు. ఒక ఫొటో పెట్టి పది పాటలు ఎక్కించినా ఆ గంటలు లెక్కకు వస్తాయి.

గుట్టకింద (వనపర్తి):

న్యాయవాద వృత్తిలో ఉన్నందున ఒక మాట. వీడియో తీసినా తీయకపోయినా ముందు కాగితం రాసుకోండి. తరతరాలుగా వస్తున్న పాటకు ఎవరూ హక్కుదారు కారు, కానీ మీరు చేసిన రికార్డింగుకు నిర్మాత హక్కుదారు అవుతాడు. పాడినవారికి ప్రదర్శకులుగా విడిగా హక్కులున్నాయి. 2012 కాపీరైట్ సవరణ ఆ హక్కులను గట్టిపరచింది. ప్రదర్శకురాలిగా తన పేరు చెప్పాలని అడిగే హక్కు, వాణిజ్యంగా వాడుకుంటే రాయల్టీ పొందే హక్కు అందులో ఉన్నాయి. పాడినామెతో తెల్ల కాగితం మీద వేలిముద్ర వేయించుకొని, తర్వాత పాటను ఏదో ఒక చానెలుకు గంపగుత్తగా అమ్మేసిన ఉదంతం ఒకటి నా దగ్గరకు వచ్చింది. ఇంతకంటే వివరం చెప్పను. వీడియో డిస్క్రిప్షన్‌లో నటి, డ్రోన్ ఆపరేటరు పేర్లు ఉండి, పాడినవారి పేర్లు లేకపోవడం మాత్రం మీరే చూసి ఉంటారు.

నాటుమడి (దేవరకొండ):

ఇంతమంది ఇంత రాశారు, పాడినవారిని ఎవరైనా అడిగారా? మా అమ్మ ఇలాంటి పాటలు పాడుతుంది. ఆమె పాడిన పాట ఒకటి ఫోనులో తీసి ఎక్కిస్తే, కింద రాసిన వ్యాఖ్యలు ఇంట్లో ఎవరికీ చదివి వినిపించలేకపోయాను. వయసు గురించి, రంగు గురించి, కట్టుకున్న చీర గురించి రాశారు, పాట గురించి రాసినవారు తక్కువ. అందుకని పాడినవారి ముఖం చూపడమే న్యాయమన్న మాట అంత సులువుగా ఒప్పుకోలేను. ముఖం చూపవద్దనే హక్కు కూడా వారిదే. అదే సమయంలో మా పక్కింటి అత్త తన ముఖం టీవీలో చూసుకోవాలని ఎప్పటినుంచో అంటోంది. ఒక్కొక్కరినీ విడివిడిగా అడగాలి, అదీ మగవాళ్లు కాకుండా.

కోయిల్‌సాగర్ (మహబూబ్‌నగర్):

ఇది నేను ఆలోచించని కోణం. ముఖం వద్దన్నవారి చేతులు, పాదాలు, నారు కట్ట తీయవచ్చు. నాట్ల పాటకు లయ పుట్టేది అక్కడే కాబట్టి వీడియోకు లోటు ఉండదు. డ్రోను, డాన్స్ మాస్టరు, నటి లేకపోతే ఖర్చులో పెద్ద భాగం తగ్గిపోతుంది. మిగిలినదానితో ఉదయసముద్రం గారు కోరిన రికార్డింగులు కొన్నయినా అవుతాయి. మోట పాటకు మాత్రం ఎడ్లు, మోట బావి కావాలి, అవి ఇప్పుడు దొరకడం కష్టం కనుక దాన్ని వట్టి పాటగానే ఉంచండి. అయినా వీడియో అక్కరలేదన్న మాటను మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను.

ఉదయసముద్రం (నల్లగొండ):

నేనూ నా ఓటు మార్చుకోలేదు. అయితే నాటుమడి గారు చెప్పినట్టు పాడినవారినే అడిగించడానికి మా ఇంటావిడ ఒప్పుకున్నారు. గుట్టకింద గారు చెప్పిన కాగితం కూడా ముందే రాయిస్తాం. కత్తెర గారిని ఒకటి అడగాలి. మా నాట్ల పాట క్లిక్కు లేకుండానే రికార్డు అయింది. నడక నిలకడగా లేని అలాంటి పాటకు షాట్లు కోయడం కుదురుతుందా?

కత్తెర (మిర్యాలగూడ):

కుదురుతుంది. దెబ్బలను లెక్కపెట్టి కోయడానికి బదులు, చేయి మట్టిలోకి దిగిన ఫ్రేము చూసి కోయాలి. అందుకోసం పాట మోగించి నాటించకండి. వారు నిజంగా నాటుతూ పాడుతుండగానే తీసి, ఆ శబ్దాన్ని కూడా విడిగా ఒక రికార్డరులో పట్టండి. స్టూడియో పాటకు అది సరిపోకపోతే పొలం శబ్దమే వాడుకుందాం. పని రెట్టింపు అవుతుంది కనుక రేటు కొంత ఎక్కువ అడుగుతాను, అది ఇక్కడ వద్దు, ఫోనులో మాట్లాడుకుందాం. ఫుటేజీ మాత్రం నాట్ల కాలం దాటకముందే తీయండి.