"నో వుమన్, నో క్రై" అంటే ఆడది లేకపోతే ఏడుపు లేదనా?

ప్రశ్న

గ్రూపులో అందరికీ నమస్కారం. జమైకా గాయకుడు బాబ్ మార్లీ పాట "నో వుమన్, నో క్రై"ని మా ఆఫీసులో "ఆడది లేకపోతే ఏడుపే లేదు" అన్న అర్థంలో వాడేస్తున్నారు. ఈ మధ్య ఒకాయనకి పెళ్ళి కుదిరితే వాట్సాప్‌లో శుభాకాంక్షల బదులు ఇదే పెట్టారు. పాట వింటే నాకు అందులో వెటకారం ఎక్కడా వినిపించలేదు. ఎవరినో దగ్గర కూర్చోబెట్టుకుని ఊరడిస్తున్నట్టు ఉంది. అసలు అర్థం ఏమిటి? తెలుగులో చెప్పాలంటే ఎలా?

జవాబు

నీకు వినిపించిందే సరైన అర్థం, తమ్ముడూ. అది ఆడవాళ్ళ మీద విసురు కాదు. "వద్దు పిల్లా, ఏడవకు" అనే ఓదార్పు.

మనం బళ్ళో నేర్చుకున్న ఇంగ్లిష్‌లో "నో" ఎక్కువగా నామవాచకం ముందు వస్తుంది. "నో పెయిన్, నో గెయిన్", "నో వర్క్, నో పే" లాంటివి విని విని, రెండు "నో"లు, మధ్యలో కామా కనబడగానే "ఇది లేకపోతే అది లేదు" అని అర్థం చేసేసుకుంటాం. ఆ లెక్కన "క్రై" కూడా నామవాచకమై, ఏడుపు అయిపోతుంది. కానీ ఈ పల్లవి ఉన్నది జమైకా జనం ఇంట్లో, వీధిలో మాట్లాడే పట్వాలో. అక్కడ క్రియ ముందు "నో" పెడితే చాలు, వ్యతిరేకార్థం వస్తుంది. "మి నో నువో" అంటే నాకు తెలియదు. "నో క్రై" అంటే ఏడవకు. మధ్యలో ఉన్న "వుమన్" సంబోధన. మొదటి "నో" వద్దు వద్దు అనే బుజ్జగింపు. విరామ చిహ్నాలు అర్థానికి తగ్గట్టు పెడితే "నో, వుమన్, నో క్రై" అవుతుంది. అచ్చులో మొదటి కామా లేదు, గొడవంతా అక్కడే మొదలైంది.

సాక్ష్యం కోసం పాట దాటి వెళ్ళక్కర్లేదు. కాస్త ముందుకు పోతే, ఓ చిన్నదానా, కన్నీళ్ళు కార్చకు అని మామూలు ఇంగ్లిష్‌కి దగ్గరగా ఉన్న మాటల్లోనే చెప్తాడు. తర్వాత అంతా సర్దుకుంటుందని మళ్ళీ మళ్ళీ అంటాడు. తన కాళ్ళే తనకి బండి అని, నడిచి పోక తప్పదని, తను లేనప్పుడు కూడా అంతా బాగుంటుందని అంటాడు. వెళ్ళేవాడు ఉండిపోయే మనిషికి చెప్పే మాట అది. పెళ్ళి మీద జోకుగా వాడుకుంటే పాటకీ అన్యాయం, ఆ పెళ్ళికూతురికీ అన్యాయం.

ఒక సభ్యుడి స్పందన

ఇంగ్లిష్ మాస్టారుగా పనిచేసి రిటైరైనవాణ్ణి, అడుగుతున్నాను. ఇది సరైన వ్యాకరణం లేని ఇంగ్లిష్ కాదా? తప్పుగా పాడినదానికి మనం తర్వాత కూర్చుని అర్థం అల్లుతున్నామేమో.

జవాబు

మాస్టారూ, మీ మీద గౌరవంతోనే, ఈ విషయంలో గట్టిగా విభేదిస్తున్నాను. పట్వాకి వ్యాకరణం ఉంది, అది ఇంగ్లిష్ వ్యాకరణం కాదు, అంతే. బానిసలుగా తెచ్చిన పశ్చిమ ఆఫ్రికా మనుషుల భాషలూ, తోటల యజమానుల ఇంగ్లిషూ కలిసిన చోట పుట్టిన భాష. మాటలు ఎక్కువగా ఇంగ్లిష్‌వి, కూర్పు మాత్రం సొంతం. బహువచనానికి "దెమ్" చేరుస్తారు, "ది బుక్ దెమ్" అంటే ఆ పుస్తకాలు. "మి గో" అంటే వెళ్ళాను, "మి ఎ గో" అంటే వెళ్తున్నాను. క్రియ మారదు, ముందున్న చిన్న మాట కాలం చెప్తుంది. ఒకరైతే "యు", పదిమందైతే "ఉను". ఈ "ఉను" నైజీరియాలోని ఇగ్బో భాష నుంచి వచ్చింది. మన నువ్వు, మీరు లాగా అనిపిస్తుంది గానీ అందులో మర్యాద లేదు, సంఖ్య ఒక్కటే. ఇంగ్లిష్ "యూ"లో ఆ తేడా కూడా లేదు.

ఫ్రెడరిక్ కాసిడీ అనే భాషావేత్త దీనికి ధ్వనిని బట్టి రాసే పద్ధతి తయారుచేశారు. 1967లో ఆయనా, రాబర్ట్ లె పేజ్ కలిసి పెద్ద నిఘంటువు తెచ్చారు. 2012లో బైబిల్ కొత్త నిబంధన మొత్తం పట్వాలో అచ్చయింది. అయినా జమైకాలో అధికార భాష ఇంగ్లిషే. బడిలో "సరిగ్గా మాట్లాడు" అని పిల్లల నోళ్ళు మూయించిన చరిత్ర వాళ్ళకీ ఉంది. తెలంగాణ మాట, ఉత్తరాంధ్ర మాట మాట్లాడినందుకు క్లాసులో నవ్వుల పాలైనవాళ్ళు ఈ గ్రూపులోనే ఉన్నారు. అందుకే "తప్పు ఇంగ్లిష్" అన్నమాట నాకు అంత గుచ్చుకుంది.

మార్లీ రెండూ ఎరిగి వాడుకున్నవాడు. ఇదే పాటలో చరణాలు ఇంచుమించు ఇంగ్లిష్‌లో నడుస్తాయి. దగ్గరి మనిషిని ఓదార్చే పల్లవి దగ్గర ఇంటి భాష వచ్చింది.

ఒక సభ్యురాలి స్పందన

మరి ఆయన పాటల్లో "ఐ అండ్ ఐ" అని వస్తుంది కదండీ, అది కూడా పట్వాయేనా? నేను, నేను అని రెండుసార్లు ఎందుకు?

జవాబు

అది రాస్తఫారీల మాట, అక్కా, అంటే జమైకాలో పుట్టిన ఒక మతం వాళ్ళది. పట్వా మీద వాళ్ళు కట్టుకున్న ఇంకో అంతస్తు. పట్వాలో నేను అన్నా నన్ను అన్నా "మి". అది ఎవరో ఏదో చేస్తే పడి ఉండే మనిషి మాటలా ఉందని, బానిసతనపు వాసన ఉందని రాస్తఫారీలు దాన్ని పక్కనపెట్టి అన్నిచోట్లా "ఐ" తెచ్చారు. "ఐ అండ్ ఐ" అంటే నేనూ, నువ్వూ, మనిద్దరిలో ఉన్న దేవుడూ. ఇంగ్లిష్‌లోకి "వుయ్" అని మారిస్తే సగం పోతుంది. మనకి మేము వేరు, మనం వేరు. వినేవాణ్ణి కూడా కలుపుకునే "మనం" ఉంది కాబట్టి తెలుగువాళ్ళకి ఇది తొందరగా అందుతుంది. దేవుడి భాగం మాత్రం మన సర్వనామంలో లేదు.

అణచివేత అనే "అప్రెషన్"లో పైకి అనే అర్థమిచ్చే "అప్" వినిపిస్తోందని, కిందికి తొక్కేదాన్ని అలా ఎందుకు పిలవాలని, దాన్ని "డౌన్‌ప్రెషన్" చేశారు. ఇవన్నీ వెల్మా పొలార్డ్ "డ్రెడ్ టాక్" అనే పుస్తకంలో చక్కగా వివరించారు.

అడిగిన తమ్ముడి స్పందన

థాంక్స్ అన్నా. ఇప్పుడు తెలుగు సంగతి చెప్పండి. పాటలో "గవర్నమెంట్ యార్డ్" అని వస్తుంది, దాన్ని గవర్నమెంట్ క్వార్టర్స్ అనొచ్చా?

జవాబు

క్వార్టర్స్ అంటే మనకి ఉద్యోగుల ఇళ్ళు గుర్తొస్తాయి. ఇది అది కాదు. జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లోని ట్రెంచ్‌టౌన్‌ పేటలో ప్రభుత్వం పేదల కోసం గదులు కట్టింది. చుట్టూ గదులు, మధ్యలో అందరిదీ ఒకటే వాకిలి, వంట, నీళ్ళు ఉమ్మడి. మార్లీ సెయింట్ ఆన్ పరగణాలోని నైన్ మైల్ పల్లెలో 1945లో పుట్టి, చిన్నతనంలోనే తల్లితో ట్రెంచ్‌టౌన్ చేరాడు. పాట 1974లో "నాటీ డ్రెడ్" ఆల్బమ్‌లో వచ్చింది. రాసినవారిగా అక్కడ ఉన్న పేరు విన్సెంట్ ఫోర్డ్. ట్రెంచ్‌టౌన్‌లో ఆకలిగా ఉన్నవాళ్ళకి వండిపెట్టిన మనిషి ఆయన, మార్లీకి పాత మిత్రుడు. అసలు రాసింది మార్లీయేననీ, పేరూ రాబడీ మిత్రుడికి ఇచ్చాడనీ చాలామంది నమ్ముతారు. హక్కుల మీద కోర్టు కేసులు కూడా నడిచాయి. జనం నోళ్ళలో నిలిచింది మాత్రం 1975 జులైలో లండన్ లైసియం థియేటర్‌లో పాడిన రికార్డింగే. అందులో పల్లవిని హాలంతా ఎత్తుకుంటుంది.

కాబట్టి "గవర్నమెంట్ యార్డ్"కి నేనైతే "సర్కారు గదుల వాకిలి" అంటాను. చరణంలో అందరూ పంచుకు తాగేది మొక్కజొన్న పిండితో కాచినది. దానికి "జావ" సరిపోతుంది. అంబలి అంటే పులుపు తగులుతుంది, గంజి అంటే బియ్యం గుర్తొస్తుంది.

ఈ పాటని నిజంగా తన భాషలోకి తెచ్చుకున్నవాడు బ్రెజిల్ గాయకుడు జిల్బెర్తో జిల్. 1979లో పోర్చుగీసులో పాడాడు. పేరే "నావ్ షోరె మైస్", అంటే ఇంక ఏడవకు. అపార్థానికి చోటే ఇవ్వలేదు. ట్రెంచ్‌టౌన్ వాకిలి బదులు రియో నగరంలోని అతేర్రో పార్కు గడ్డి పెట్టాడు. మార్లీ దారిలో పోగొట్టుకున్న మిత్రుల్ని తలుచుకుంటే, జిల్ జైలుపాలైన మిత్రుల్ని, జాడలేకుండా పోయిన మిత్రుల్ని తలుచుకున్నాడు. అప్పటికి బ్రెజిల్‌లో సైనిక పాలన. జిల్ స్వయంగా జైలుకెళ్ళి, తర్వాత లండన్‌లో ప్రవాసం ఉండి వచ్చినవాడు. రాజకీయ ఖైదీలకీ, ప్రవాసులకీ క్షమాభిక్ష చట్టం వచ్చింది కూడా ఆ 1979లోనే. మాట మాటకీ సరిపెట్టకుండా ఓదార్పుని పట్టుకున్నాడు కాబట్టే అది బ్రెజిల్ పాట అయింది. అనువాదం చేసేవాళ్ళు ముందు దాన్ని వినాలని నా గట్టి కోరిక.

మరొక సభ్యురాలి స్పందన

పల్లవి సంగతి తేల్చలేదు. "పిల్లా" అంటే ప్రేమ పాట అయిపోతుంది. "స్త్రీ" అంటే ఉపన్యాసం. మా నెల్లూరులో అయితే "ఏడవబాకే" అంటాం. గుంటూరు వైపు "ఏడవమాకే", హైదరాబాద్‌లో "ఏడ్వకే". ఆ చివరి "ఏ"లోనే ఎదుట ఉన్నది ఆడమనిషనీ, దగ్గరి మనిషనీ తెలిసిపోతుంది. విడిగా సంబోధన ఎందుకు?

జవాబు

ఇది నాకు తట్టలేదు, చాలా బాగుంది. ఇంగ్లిష్‌కీ పట్వాకీ "వుమన్" అని విడిగా పిలవక తప్పదు. మనకి క్రియ చివర ఒక్క అచ్చు చాలు. పైగా "నో-వు-మన్-నో-క్రై", "ఏ-డ-వ-బా-కే" రెండూ ఐదు ముక్కలే, బాణీలో దాదాపు ఇమిడిపోతాయి. హైదరాబాద్ "ఏడ్వకే" పొట్టిది కాబట్టి ముందు ఒక "వద్దే" చేర్చుకోవచ్చు. అప్పుడు మొదటి "నో" కూడా దక్కుతుంది. గుంటూరు రూపం కూడా పాడి చూడండి, "మా" దగ్గర గొంతు ఆగడానికి వీలుగా ఉంటుంది. ముసలి తల్లికి చెప్తున్నట్టు పాడాలంటే మాత్రం ఈ "ఏ" పనికిరాదు, "ఏడవకమ్మా" అనాల్సిందే. పాటలో ఆమె వయసు చెప్పలేదు కాబట్టి ఎవరికి పాడుతున్నారో పాడేవాళ్ళే తేల్చుకోవాలి.