కళాక్షేత్రంలో ర్యాంపు, వీల్‌చైర్ సీట్లు, వినికిడి ఏర్పాట్లు: కొలతలు కావాలి

నాటకసమాజం:
మా కళాక్షేత్రంలో ఏటా పరిషత్తు నాటకాలు జరుగుతాయి. వరండాకు ఆరంగుళాల మెట్లు నాలుగు, ముందు ఖాళీ 24 అడుగులు. మేస్త్రీ 8 అడుగుల ర్యాంపు చాలంటున్నారు. నిజమేనా? లోపల ఏ సీట్లు తీయాలి? బధిరులకు, వినికిడి తగ్గినవాళ్లకు ఏం చేయొచ్చు? ట్రస్టు హాలు కాబట్టి చట్టం వర్తించదని కమిటీలో ఒకరంటున్నారు.

కొలతబద్ద:
8 అడుగులు వద్దండీ. 24 అంగుళాల ఎత్తుకు అది 1:4 వాలు, అంటే అడుగు ఎత్తుకు నాలుగడుగుల పొడవే. ఎక్కేటప్పుడు కుర్చీ వెనక్కి తిరగబడుతుంది, దిగేటప్పుడు చేతికి ఆగదు. 1:12 కావాలి, అంటే 24 అడుగులు. తిన్నగా కడితే కింద కుర్చీ తిప్పుకునే చోటు మిగలదు. మడిచి కట్టండి: 5 అడుగుల చదును, 12 అడుగుల వాలు, 5 అడుగుల చదును మీద మలుపు, వెనక్కి 12 అడుగులు. 22 అడుగుల్లో ఇమిడిపోతుంది. రెయిలింగుల మధ్య వెడల్పు కనీసం 4 అడుగులు. రెండు పక్కలా 76, 90 సెంటీమీటర్ల ఎత్తుల్లో గొట్టాలు. పాలిష్ గ్రానైటు వేయొద్దు, వానకు జారుతుంది. ద్వారం దగ్గర గడప ఉంటే తీసేయండి, లేకపోతే ఇంత కట్టీ అక్కడే ఆగిపోతారు.

వేదిక సంగతీ చూడండి. నటులూ, న్యాయనిర్ణేతలూ వీల్‌చైర్‌లో రావచ్చు. 3 అడుగుల వేదికకు 36 అడుగుల వాలు కావాలి. ముందుగా సెట్లు దించే వెనక ద్వారం ఎంత ఎత్తులో ఉందో కొలవండి, చాలా హాళ్లలో అది వేదికతో సమానంగా ఉంటుంది. అలాగైతే అటునుంచే వేదిక మీదికి రావచ్చు.

రంగదీపం:
చట్టం వర్తిస్తుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ప్రజా భవనం అంటే ప్రైవేటుదైనా సరే, సాంస్కృతిక కార్యక్రమాలకు జనం వచ్చేదైతే చాలు.

ఒక్కో వీల్‌చైర్‌కు 3 అడుగుల వెడల్పు, 4 అడుగుల లోతు, చదునైన నేల. వరస చివర రెండు కుర్చీలు తీస్తే వెడల్పు వస్తుంది గానీ లోతు చాలదు, కాళ్లు నడవాలోకి వస్తాయి. అందుకే అడ్డ నడవాను ఆనుకున్న వరస ఎంచుకోండి. పక్కనే తోడు వచ్చినవారికి మామూలు సీటు ఉంచండి. అందరినీ ఒక మూలకు నెట్టడం మాత్రం అన్యాయం.

చెవిమాట:
వినికిడి యంత్రంలో టి-స్విచ్ (అయస్కాంత సంకేతాన్ని అందుకునే అమరిక) ఉన్నవాళ్లకు, మైకు శబ్దాన్ని నేరుగా యంత్రానికి పంపే ఇండక్షన్ లూప్ బాగా పనిచేస్తుంది. సీట్ల చుట్టూ తీగ, దానికో ప్రత్యేక ఆంప్లిఫయర్. లైట్ల డిమ్మర్ కేబుళ్లు దగ్గరగా ఉంటే చెవిలో హమ్ వస్తుంది. కాంక్రీటులోని ఇనుము కూడా బలం తగ్గిస్తుంది. కాబట్టి గచ్చులో పూడ్చకముందే, డిమ్మర్లు నడుస్తుండగా, యంత్రం వాడేవారితో వినిపించి చూడండి.

బధిరులకు సంభాషణలు తెర మీద వేయండి: నల్ల నేపథ్యం, పెద్ద అక్షరాలు, రెండేసి పంక్తులు. రిహార్సల్స్ చూసినవారే నడపాలి. నటుడు మాటలు దాటేస్తే వెంటనే వేయడానికి ఖాళీ స్లైడ్ సిద్ధంగా ఉంచుకోవాలి.

నాటకసమాజం:
పద్యనాటకాలకూ రెండు పంక్తులేనా?

చెవిమాట:
కాదండీ, పద్యం మొత్తం ఒకేసారి వేయండి. రాగం సాగుతున్నంతసేపూ చదువుకుంటారు. సంభాషణకు మాత్రం ఎవరి మాట వారిదే, లేకపోతే నటుడు అనకముందే హాస్యం తెర మీద పేలిపోతుంది.