అప్‌డేట్: పెయింట్ డబ్బాల సంగతి తేలింది (మిర్యాలగూడ)

ఇంటికి రంగులేయించినంక మిగిలిన ఆరు 20 లీటర్ల ఎమల్షన్ (నీళ్లతో కలిపే గోడ రంగు) బకెట్లు, మూడు ఎనామిల్ (ఆయిల్ పెయింట్) డబ్బాలు ఏం చేయాలని అడిగిన కదా. చెప్పినోళ్లందరికీ థ్యాంక్స్. "కడగకు, ఎండనియ్యి" అన్న సలహానే పనిచేసింది. బకెట్ల మూతలు తీసి మిద్దె మీద నాలుగు రోజులు పెడితే ఎమల్షన్ పొర రబ్బరులెక్క ఊడొచ్చింది. ఆయిల్ రంగులకు వాడే టిన్నర్‌కు పెట్టిన పైసలు దండుగ, బకెట్లలది నీళ్ల రంగాయె. అడుగున బొక్కలు కొట్టి బంతి, కనకాంబరం పెట్టిన. బియ్యానికి, తాగే నీళ్లకు వాడొద్దని పెయింటర్ గట్టిగ చెప్పిండు. అమ్మ ఒక బకెట్ పప్పులకని దాచింది, అదో పంచాయితీ.

ఎనామిల్ మోరీల పొయ్యలే. ఇసుక కలిపి, పొయ్యికి దూరంగ బయట గడ్డకట్టనిచ్చి, వేరే సంచిలో మున్సిపల్ బండికిచ్చిన. 2016 ఘనవ్యర్థాల (చెత్త) నిబంధనల్లో పెయింట్ డబ్బాలను ఇంటి ప్రమాదకర చెత్త కిందనే లెక్కగట్టిండ్రు.