నోడ్ మాడ్యూల్స్‌లో మార్చిన కోడ్ వీట్‌కి కనపడట్లేదు

నిన్న సాయంత్రం నుంచి బుర్ర తినేస్తోంది. డేట్ పికర్ లైబ్రరీలో బగ్ ఎక్కడుందో చూద్దామని నోడ్ మాడ్యూల్స్‌లోకి (ఇన్‌స్టాల్ చేసిన లైబ్రరీలుండే ఫోల్డర్) వెళ్లి ఆ ఫైల్లోనే ఒక కన్సోల్ లాగ్ పెట్టా, సేవ్ చేశా, వీట్ (వెబ్ ప్రాజెక్టుని నడిపే, బిల్డ్ చేసే టూల్) డెవ్ సర్వర్ ఆపి మళ్లీ స్టార్ట్ చేశా, అయినా పాత కోడే వస్తోంది. నా సొంత ఫైల్ మారిస్తే మాత్రం వెంటనే కనపడుతోంది!

జవాబు 1:
అది ఫైళ్ల మార్పులు కనిపెట్టే వాచ్ మోడ్ తప్పు కాదండీ. డిపెండెన్సీలను, అంటే మీ ప్రాజెక్ట్ వాడే బయటి లైబ్రరీలను, వీట్ ముందే బండిల్ చేసి (కలిపి కట్టి) నోడ్ మాడ్యూల్స్‌లోనే డాట్ వీట్ అనే ఫోల్డర్లో దాచుకుంటుంది. లైబ్రరీల వెర్షన్లు రాసుండే లాక్ ఫైలో, వీట్ కాన్ఫిగ్‌లో సెట్టింగులో మారితే మళ్లీ చేస్తుంది తప్ప, మీరు చేత్తో కెలికిన ఫైల్ వంక చూడదు. కమాండ్ చివర --ఫోర్స్ పెట్టి స్టార్ట్ చేయండి, మళ్లీ బండిల్ చేస్తుంది.

జవాబు 2:
దాంతోపాటు బ్రౌజర్ సంగతి కూడా చూడు బ్రో. ఆ డిపెండెన్సీ ఫైళ్లకి మాక్స్-ఏజ్ 31536000 (సెకన్లు) అని హెడర్ వెళ్తుంది, అంటే ఏడాది పాటు సర్వర్‌ని అడగనే అడగదు. డెవ్‌టూల్స్ నెట్‌వర్క్ ట్యాబ్‌లో డిజేబుల్ కాష్ టిక్ పెట్టి రీలోడ్ కొట్టు. డెవ్‌టూల్స్ మూసేస్తే ఆ టిక్ పనిచేయదు, నేను ఓసారి గంట పోగొట్టుకున్నా.

ప్రశ్న అడిగినవారు:
రెండూ చేశా, లాగ్ వచ్చింది. థాంక్స్! ఈ మార్పు ఇలాగే ఉంచేయొచ్చా?

జవాబు 1:
వద్దు, రేపు ఇన్‌స్టాల్ కొడితే ఎగిరిపోతుంది. ప్యాచ్-ప్యాకేజ్ వాడండి (మీ మార్పుని ప్యాచెస్ ఫోల్డర్లో దాచి, ఇన్‌స్టాల్ తర్వాత మళ్లీ వేసే టూల్), ప్యాచెస్ ఫోల్డర్ మారితే వీట్ తనే గమనిస్తుంది.