తిరుపతిలో సస్టైనబుల్ డిజైన్ ఆర్కిటెక్టుకు పనుందా?

బీఆర్క్_నాలుగో_ఏడు: బీఆర్క్ అయ్యాక విజయవాడ ఎస్‌పీఏలో (స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్) సస్టైనబుల్ ఆర్కిటెక్చర్‌లో ఎంఆర్క్ చేసి, తిరుపతిలోనే ఆఫీసు పెట్టుకుంటే నిలబడగలమా? బెంగళూరో చెన్నైయో పోవాల్సిందేనా?

సైటింజనీర్_చిత్తూరు: పోమ్మా బెంగళూరుకే. ఈడ 200 గజాల స్థలం కొన్నోడు అప్రూవల్‌కు ఎల్‌టీపీ (ప్లాన్ మీద సంతకం పెట్టే లైసెన్సున్న టెక్నికల్ మనిషి) దగ్గరికి పోతాడు, కట్టేదానికి మేస్త్రీ దగ్గరికి పోతాడు. మధ్యలో మీకు పనేముంది? పర్యావరణం అంటే వాళ్లకు ప్లాన్‌లో మూలనుండే ఇంకుడు గుంత. అది మేమే గీసేస్తాం.

గచ్చుసున్నం: గీసేది చూస్తానే ఉన్నాం సామీ. నాలుగడుగులకు నాలుగు, లోతు ఐదు, నిండా కంకర, పైన ఇసుక. ఆ 80 ఘనపుటడుగుల్లో కంకర మధ్య ఖాళీ 40 శాతం, అంటే నీళ్లు పట్టేది 900 లీటర్లు. 110 చదరపు మీటర్ల మిద్దె మీద గంటకు 60 మి.మీ. వాన పడితే, వృథా కింద 15 శాతం తీసేసినా నిమిషానికి 90 లీటర్ల పైచిలుకు దిగుతుంది. పది నిమిషాలకు గుంత నిండిపోయె. మిగిలిన వానంతా రోడ్డు మీదకే కదా?

సైటింజనీర్_చిత్తూరు: నిండేలోపల భూమి తాగదా? గుంత అన్నాక ఇంకేదానికే కదా తవ్వేది.

గచ్చుసున్నం: జిగట మట్టిలో ఎంత తాగుతుంది? పైగా మిద్దె మీద దుమ్ము, వేపాకు అన్నీ నేరుగా ఆ ఇసుకలోకే. రెండు కార్తెలకు పైపొర గారలాగా బిగుసుకుంటుంది. నిండా కంకర నింపకుండా మూడడుగుల వెడల్పు సిమెంటు ఉంగరాలు పదడుగుల లోతు దించితే అదే జాగాలో 1,800 లీటర్లు నిలబడతాయి. అడుగున మాత్రం ఒకటిన్నర అడుగు కంకర. గుంతకు ముందు మట్టి, చెత్త ఆగేదానికి రెండడుగుల సిల్టు తొట్టి, దానికి జాలీ. మొదటి వాన బయటికి వదిలే వాల్వు. సెప్టెంబరులో ఒకసారి పూడిక తీయాలి, ఈశాన్య వానలు మొదలైతే తీసే తీరిక ఉండదు.

సైటింజనీర్_చిత్తూరు: ఉంగరాల గుంతకు మూత సరిగ్గా లేకపోతే పిల్లోళ్లు పడతారు. కంకర గుంతకు ఆ భయం లేదు.

గచ్చుసున్నం: మూత వేయించండి. మూత లేదని బావి పూడుస్తామా?

రేణిగుంటగేటు: పాప అడిగింది ఉద్యోగం. మీరింకా గుంతలోనే ఉండారు.

తిరుచానూరు_వాలు: బతుకుతెరువు మాట నేను చెప్తా. ఇండ్ల మీద ఆశ పెట్టుకోవద్దు, లాడ్జీలు చూడు. ఎన్‌బీసీ (నేషనల్ బిల్డింగ్ కోడ్) లెక్కన హోటల్లో మంచానికి రోజుకు 180 లీటర్లు. వంద మంచాలంటే 18,000. ఎండాకాలంలో ట్యాంకరు బిల్లు చూసిన ఓనరు నీ మాట వింటాడు. స్నానాల నీళ్లు శుద్ధి చేసి ఫ్లష్‌కు తిప్పాలంటే డక్టులో (పైపులు పోయే సందులో) రెండో పైపులైను మొదట్లోనే వేయాలి. టైల్స్ అంటించాక చెప్తే ఎవడూ గోడ పగలగొట్టడు. ఇంకొకటి, ఇండ్లకైతే ఎకో నివాస్ సంహిత (ఇండ్లలో కరెంటు పొదుపు కోడ్) ప్రకారం మిద్దె యూ-విలువ, అంటే మిద్దెలోంచి వేడి దిగే రేటు, 1.2 దాటకూడదు. ఉత్త ఐదంగుళాల స్లాబు దానికి రెట్టింపు పైనే ఉంటుంది. 25 మి.మీ. ఎక్స్‌పీఎస్ పలక (వేడిని ఆపే గట్టి ఫోము) వేస్తే ఒకటికి అటూ ఇటూగా దిగుతుంది. ఈ లెక్క కాగితం మీద వేసి చూపించే మనిషి ఊళ్లో తక్కువ.

సైటింజనీర్_చిత్తూరు: లెక్క వేసి త్రీడీ బొమ్మ ఇచ్చి మీరు పోతారు. పలకల సందుల్లో నీళ్లు దిగితే ఓనరు తిట్టేది మమ్మల్ని. ఫీజు మీకు, తిట్లు మాకు. ఇదేం న్యాయం?

గచ్చుసున్నం: సైటు ముఖం చూడకుండా ప్లాన్ మీద సంతకం పెట్టేదెవరు మరి? ఆన్‌లైన్‌లో పడేస్తే చాలు అనుకునేది ఆర్కిటెక్టులా?

సైటింజనీర్_చిత్తూరు: ఆ సంతకానికి వచ్చే డబ్బులతో ఆటో చార్జీ కూడా రాదు. సైటుకు పోవాలంటే ఇంటాయన ఇవ్వాల కదా. మీరు అడిగేది మాత్రం మొత్తం ఖర్చులో శాతం.

గచ్చుసున్నం: అట్లా చెప్పండి. గుంత మీద కాదు మీ కోపం, సైటుకు పోయేదానికి ఎవరూ డబ్బులివ్వరని. నేననేదీ అదే. లెవెల్, అంటే రోడ్డు, కాలవ, గేటు ఎత్తుపల్లాలు చూసేదాన్ని విడిగా రాసి విడిగా ఫీజు అడగాల. శేషాచలం వాలు మీద పడింది పడినట్టే ఊళ్లో నుంచి స్వర్ణముఖి దిక్కుకు పోతుంది. 2021 నవంబరులో ఊరు మునిగింది చూసినాం. పాత తారు గీరకుండా మళ్లీ మళ్లీ పైన పొర వేస్తా పోతే రోడ్డు లేస్తుంది, ఇంటి అరుగు కిందికి పోతుంది. దానికి తోడు ప్రతి ఇంటాయనా కాలవ మీద ర్యాంపు పోసి మూసేస్తాడు, పూడిక తీసేదానికి సందుండదు. ఇది చూసుకోకుండా ఇంట్లో ఎంత మంచి గుంత పెట్టినా వీధి నీళ్లు గేట్లోంచి వస్తాయి.

సైటింజనీర్_చిత్తూరు: అది మున్సిపాలిటీ పని. ఆర్కిటెక్టు ఏం చేస్తాడు?

తిరుచానూరు_వాలు: ర్యాంపు గీసేది ఆర్కిటెక్టే కదబ్బా. ఒకే స్లాబు పోయకుండా, ఇద్దరు ఎత్తగలిగే రెండడుగుల పలకలు వేయమను.

బీఆర్క్_నాలుగో_ఏడు: లెవెల్స్ ఎట్లా తీయాలి సార్?

గచ్చుసున్నం: ఆటో లెవెల్ (ఎత్తుపల్లాలు కొలిచే పరికరం) అద్దెకు తీసుకో. దగ్గర్లోని కల్వర్టు గోడ మీద గుర్తు పెట్టి దాని మట్టం 100.000 మీటర్లు అనుకో, మిగతావన్నీ దాంతో పోల్చు. కాలవ అడుగు మట్టం ఎగువన, దిగువన, మన గేటు దగ్గర, మూడు చోట్లా రాసుకో. మళ్లీ కల్వర్టు దగ్గరికొచ్చి రీడింగు సరిచూడు. దిగువ మట్టం మన గేటు కంటే ఎత్తుగా వచ్చిందంటే అరుగు ఎత్తు అక్కడే తేల్చు, ఆ తర్వాతే ప్లాన్ గీయి.

సైటింజనీర్_చిత్తూరు: దానికి ఎవరిస్తారు డబ్బులు? అది చెప్పండి ముందు.