టొస్కానో చుట్ట ఇంత గట్టిగా ఎండిపోయి ఉంటుందా?

ప్రశ్న:
మా అన్నయ్య ఇటలీ నుంచి ఒక పెట్టె టొస్కానో తెచ్చాడు. మధ్యలో లావు, రెండు కొసలూ సన్నం, పైనంతా ముడతలు. నొక్కితే అస్సలు మెత్తగా లేవు. క్యూబా సిగార్లను తేమపెట్టెలో దాస్తారు కదా, ఇవి పాడైపోయాయంటారా? వీటికి చాలా చరిత్ర ఉందంటున్నాడు. తెలిసినవాళ్లు చెప్పండి.

జవాబు 1:
పాడవలేదండీ, అవి అలాగే ఉండాలి. దయచేసి తడి తగలనివ్వకండి. లోపలి ఆకు, పైన చుట్టే ఆకు రెండూ కెంటకీ అనే పొగాకు రకమే. ఆ ఆకును కట్టెల పొగలో ఆరబెట్టి, తర్వాత తడిపి పులియబెడతారు. చుట్టాక మళ్లీ ఆరబెట్టి నెలల తరబడి మాగనిస్తారు. ఆ ఘాటు, ఆ పొగవాసన అందుకే.

ఇటలీలోని లూకా అనే ఊళ్లో వీటిని చేత్తో చుట్టడం దగ్గరుండి చూశాను. చుట్టేది ఆడవాళ్లే, వాళ్లను సిగరాయె అంటారు. ఈనె తీసిన ఆకును చెక్క మీద పరిచి, అంచుకు పిండి జిగురు రాసి, లోపలి ఆకు పెట్టి అరచేత్తో ఏటవాలుగా దొర్లిస్తారు. అచ్చు ఉండదు. మధ్యలో ఆ బొజ్జ చేతి ఒత్తిడితోనే వస్తుంది. మిషన్ మీద చేసేవీ ఉన్నాయి కానీ, నా దృష్టిలో టొస్కానో వారసత్వమంటే ఆ చేతులే.

జవాబు 2:
టొస్కానో వానకు తడిసిన పొగాకుతో పుట్టిందంటారు, నిజమేనా? తర్వాత ఎవరెవరి చేతుల్లోకి వెళ్లింది?

జవాబు 1:
1815లో ఫ్లోరెన్స్‌లో వానకు తడిసి పులిసిన ఆకును పారేయలేక చవక చుట్టలు చేశారని చెప్పుకుంటారు. 1818లో అక్కడి ప్రభుత్వ కర్మాగారం వీటి తయారీ మొదలుపెట్టింది. చాలాకాలం సర్కారు గుత్తాధిపత్యమే. తర్వాత బ్రిటిష్ అమెరికన్ టొబాకో కంపెనీ చేతికి, 2006లో ఇటలీకి చెందిన మక్కాఫెర్రి గ్రూపుకు వెళ్లింది. అన్ని చేతులు మారినా చేత్తో చుట్టే పని ఆగలేదు, నాకు అదే ఎంతో సంతోషం.

ప్రశ్న అడిగినవారు:
థాంక్సండీ, టెన్షన్ పోయింది. ఒకటి పూర్తిగా కాల్చడం నావల్ల కాదేమో!

జవాబు 1:
అక్కర్లేదు. సరిగ్గా బొజ్జ దగ్గర రెండుగా కోసి సగమే కాల్చడం అక్కడ మామూలే. ముందే పొట్టిగా కోసి అమ్మేవాటిని టొస్కానెల్లో అంటారు. మీ దగ్గర క్యూబావి కూడా ఉంటే మాత్రం ఒకే పెట్టెలో పెట్టకండి. తేమకు ఇవి మెత్తబడతాయి, వీటి పొగవాసన వాటికి పట్టేస్తుంది.